మోటారు సైకిలు దెబ్బతింటే ఎస్టిమేటు ఖర్చు ఎవరిది? బీమా సొమ్ము ఎంత వస్తుంది?

పాలు పోసే ఇంట మోటారు సైకిలు ఇప్పుడు విలాసం కాదు. తెల్లవారుజామున క్యాను కట్టుకొని కేంద్రానికి వెళ్ళాలన్నా అదే, దాణా బస్తా తేవాలన్నా అదే, పశువుకు జబ్బు చేస్తే డాక్టరుగారిని వెంటబెట్టుకొని రావాలన్నా అదే. అది నాలుగు రోజులు షెడ్డులో పడితే రెండు పూటలా పాలకు ఇబ్బంది. అయినా గేదెకు బీమా చేయించేటప్పుడు చెవిపోగు నంబరు, పశువైద్యుని ధృవపత్రం పట్టి పట్టి చూసుకొనే మన సభ్యులు బండి బీమా కాగితాన్ని షోరూమువారు ఇచ్చిన కవరులోనే ఉంచేస్తారు. బండి దెబ్బతిన్న రోజున గాని దాన్ని బయటకు తీయరు. ఆ రోజున మెకానిక్కు ఎస్టిమేటు వ్రాయడానికి డబ్బు అడుగుతాడు. కంపెనీవారు ఎస్టిమేటు తెమ్మంటారు. ఆ డబ్బు ఎవరు పెట్టుకోవాలో చెప్పేవారు ఉండరు.

ముందుగా కాగితం సంగతి. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్తగా కొనే ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ళ బీమా ఒకేసారి చేయించాలనే నియమం వచ్చింది. ఈ ఐదేళ్ళు ఎదుటివారికి కలిగే నష్టానికి మాత్రమే. దీన్నే థర్డ్ పార్టీ బీమా అంటారు. మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది కూడా దీనినే. మన బండికి జరిగే నష్టానికి ఇచ్చే బీమా సాధారణంగా మొదటి ఏడాదితోనే ముగిసిపోతుంది. కాగితం పైన ఐదేళ్ళ తరువాతి తేదీ కనిపిస్తుంది గనుక అంతా భద్రమేనని అనుకుంటాం. కాగితంలో రెండు తేదీలు ఉంటాయి. 'ఓన్ డ్యామేజి' అన్నచోట ఉన్న తేదీ చూడండి. అది దాటిపోయి ఉంటే ఆ ఒక్క భాగానికి విడిగా బీమా చేయించుకొనే సదుపాయం 2019 సెప్టెంబరు నుండి ఉన్నది.

ఈ తేడా ఎంతటిదో 2024లో బెజవాడ చూసింది. సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక ప్రాంతాలను ముంచింది. మరునాడు ప్రకాశం బ్యారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద నమోదైంది. ఇళ్ళ ముందు నిలిపిన బండ్లు రోజుల తరబడి బురదనీటిలో ఉండిపోయాయి. క్లెయిముల కోసం సబ్ కలెక్టరు కార్యాలయంలో బీమా కంపెనీల ప్రతినిధులను ఒకచోట కూర్చోబెట్టే ఏర్పాటు జరిగింది. సొంత నష్టానికి బీమా ఉన్నవారికి అక్కడ పని జరిగే వీలుండేది. థర్డ్ పార్టీ కాగితం ఒక్కటే ఉన్నవారికి మునిగిన బండిపై ఏ కంపెనీ నుండీ పైసా రాదు. రాష్ట్ర ప్రభుత్వం ద్విచక్ర వాహనానికి 3,000 రూపాయల సహాయం ప్రకటించింది. నీరు చేరిన ఇంజను విప్పి బాగుచేయించిన వారికి ఆ మొత్తం ఏపాటిదో తెలుసు.

దెబ్బ తగిలిన మొదటి పూట

గేదె చనిపోతే డాక్టరుగారు చూసేదాకా పాతిపెట్టం గదా. బండి విషయమూ అంతే. కంపెనీ మనిషి చూడకముందు మరమ్మతు మొదలుపెట్టకూడదు. 2002 మోటారు టారిఫ్ నాటి మాటలే చాలా పాలసీలలో నేటికీ నడుస్తున్నాయి. వాటి ప్రకారం కంపెనీని అడగకుండా మనంతట మనం చేయించుకోదగిన మరమ్మతు 150 రూపాయలకు మించకూడదు. ఆ అంకె ఎప్పటి రోజులదో గాని, నేడు దానితో క్లచ్ తీగ వేయించుకోవడమే గొప్ప. కాబట్టి చెప్పకుండా ఏమీ చేయించవద్దని దాని అర్థం.

బండి పడినచోటనే నాలుగు పక్కల నుండి ఫోటోలు తీయండి. నంబరు పలక కనిపించాలి. వీలైతే చాసిస్ నంబరు కూడా తీయండి, బండికి అదే చెవిపోగు. అదే రోజున కంపెనీకి ఫోను చేసి క్లెయిము నంబరు వ్రాసుకోండి. మనిషికి గాయమైతే పోలీసు స్టేషనులో తెలియజేయడం తప్పనిసరి. బండిని దగ్గరలోని షెడ్డుకు చేర్చిన ఖర్చుకు అదే పాత షరతుల కింద 300 రూపాయల వరకు ఇస్తారు. ట్రాలీ ఆటోవాని దగ్గర రసీదు తీసుకోండి.

నీట మునిగిన బండి అయితే మరొక మాట. ఒక్కసారి కిక్కు కొట్టి చూద్దామనే ఆత్రం అందరికీ ఉంటుంది. ఇంజనులోకి నీరు పోయి ఉండగా కిక్కు కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అది వరద వల్ల కలిగిన నష్టం కాదు, తరువాత మనం చేసిన పని వల్ల కలిగిందని కంపెనీవారు ఆ భాగం కొట్టివేస్తారు. షరతులలో అందుకు వారికి ఆధారం కూడా ఉన్నది. బండిని తోసుకొని పోవడమే మేలు.

ఎస్టిమేటు డబ్బు

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎస్టిమేటు వ్రాసేది మరమ్మతు చేసే షెడ్డు. దాన్ని పరిశీలించి నష్టం ఇంత అని తేల్చేది సర్వేయరు. ఇద్దరూ ఒకటి కారు. ఇంట్లో చెంబుతో కొలుచుకొన్న పాలు ఎన్ని లీటర్లయినా, కేంద్రంలో టెస్టరు తేల్చిన కొవ్వు శాతం మీదనే గదా బిల్లు వచ్చేది! ఎస్టిమేటు చెంబు కొలత, సర్వేయరు రిపోర్టు టెస్టరు లెక్క.

సర్వేయరును నియమించేది కంపెనీ, అతని ఫీజు ఇచ్చేదీ కంపెనీయే. సర్వే ఖర్చు అంటూ మీ దగ్గర ఎవరైనా చేయి చాస్తే ఇవ్వనక్కరలేదు. ఎస్టిమేటు మాత్రం మీకూ షెడ్డుకూ మధ్య బేరం. సాధారణ పాలసీ షరతులలో ఎస్టిమేటు రుసుము అనే పద్దే లేదు, అందువల్ల దానిని కంపెనీ నుండి రాబట్టడం కష్టం. అయితే మరమ్మతు తమ దగ్గరే చేయిస్తే ఆ రుసుమును బిల్లులో మినహాయించే షెడ్లు చాలా ఉన్నాయి. కంపెనీతో ఒప్పందమున్న షెడ్డు అయితే తరచుగా అడగనే అడగరు. బండి తాళం ఇచ్చేముందే మూడు సంగతులు తేల్చుకోండి: రుసుము ఎంత, మరమ్మతు చేయిస్తే అది బిల్లులో తగ్గుతుందా, చేయించకపోతే రోజుకు స్థలం అద్దె ఏమైనా ఉందా. ఈ మూడూ జాబ్ కార్డు మీద వ్రాయించండి. నోటి మాట చాలదు. పని చేసినవాడు తన కూలి ముట్టేదాకా వస్తువును తన దగ్గరే ఉంచుకోవచ్చునని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 170వ సెక్షను చెబుతున్నది. ఇంజను విప్పి చూసిన తరువాత తగాదా వస్తే బండి అక్కడే ఆగుతుంది, మన పాలు ఇక్కడ ఆగుతాయి.

విప్పిన తరువాత లోపల మరో దెబ్బ బయటపడవచ్చును. అప్పుడు రెండో ఎస్టిమేటు వ్రాయించి, సర్వేయరుకు చూపించిన తరువాతనే పని సాగనివ్వాలి. తీసివేసిన పాత సామాను బిల్లు చెల్లేదాకా పారవేయవద్దు.

చేతికి వచ్చేది ఎంత?

ఎస్టిమేటు మొత్తమంతా వస్తుందనుకొని అప్పు చేసినవారు ఇబ్బంది పడతారు. లెక్క ఇలా ఉంటుంది. రబ్బరు, ప్లాస్టిక్కు సామానుకు, టైర్లకు, బ్యాటరీకి సగమే ఇస్తారు. లోహపు సామానుకు బండి వయస్సును బట్టి తరుగు తీస్తారు: మొదటి ఆరు నెలలలో తరుగు లేదు, రెండో ఏట 10 శాతం, నాలుగో ఏట 25, ఐదో ఏట 35, ఆపైన పదేళ్ళ వరకు 40. కూలికి తరుగు లేదు. రంగు బిల్లులో నాలుగో వంతును సామానుగా లెక్కించి, అందులో సగం తీస్తారు. చివరకు 100 రూపాయలు తప్పనిసరిగా మన వాటా.

లెక్క కోసం మూడున్నరేళ్ళ బండి అనుకుందాం. పన్నులు పక్కన పెడదాం. లోహపు సామాను 6,000, ప్లాస్టిక్కు 3,000, కూలి 2,000, రంగు 1,600. ఎస్టిమేటు 12,600. లోహానికి 4,500, ప్లాస్టిక్కుకు 1,500, కూలి పూర్తిగా 2,000, రంగుకు 1,400 వస్తే 9,400. వంద తీస్తే 9,300. మిగిలిన 3,300 మీరు వేసుకోవాలి. తరుగు తీయకుండా ఇచ్చే 'జీరో డిప్రిసియేషన్' పాలసీ ఉంటే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది, దానికి ప్రీమియం కొంత ఎక్కువ.

క్లెయిము చేస్తే బోనసు పోతుందని కొందరు వెనుకాడతారు. క్లెయిము లేని ఏళ్ళకు ప్రీమియంలో 20 శాతంతో మొదలై 50 శాతం దాకా తగ్గింపు ఇస్తారు, ఒక్క క్లెయిముతో అది మళ్ళీ మొదటికి వస్తుంది. కారుకు ఈ ఆలోచన సరే. బండికి సొంత నష్టం ప్రీమియం 600 అనుకుంటే 35 శాతం తగ్గింపు 210 రూపాయలు. నాలుగేళ్ళ తగ్గింపు పోయినా 9,300తో పోల్చదగింది కాదు. అయిదారు వందల దెబ్బకైతే వదిలేయడమే నయం.

మరమ్మతు ఖర్చు కాగితంలో వ్రాసిన బండి విలువలో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగా లెక్కిస్తారు. 40,000 విలువ వ్రాసి ఉంటే 30,000 దాటిన ఎస్టిమేటు అన్నమాట. అప్పుడు షెడ్డుకు మరమ్మతు పని ఉండదు, గనుక రుసుము, అద్దె కోసం పట్టుపట్టేది సరిగ్గా ఇక్కడే. జాబ్ కార్డు మీద ముందే వ్రాయించమన్నది ఇందుకే. బండి అప్పు మీద ఉంటే సొమ్ము ముందు ఫైనాన్సువారికి పోతుంది.

పాల క్యాను, పిల్లవాడు, పాత బండి

మన సభ్యులకు ప్రత్యేకించిన చిక్కు ఒకటి ఉన్నది. పాలసీలో 'వినియోగ పరిమితులు' అన్నచోట, కిరాయికి గాని, సరుకు మోయడానికి గాని బండి వాడరాదని ఉంటుంది. నమూనాలు, సొంత సామాను దీనికి మినహాయింపు. మీ ఇంటి పాలు పది లీటర్లు మీరు తెచ్చుకోవడం సొంత సామానే అని వాదించవచ్చును. ఊళ్ళో అందరి పాలు పోగుచేసి నాలుగు క్యాన్లు కట్టుకొని కూలికి మోసేవారి సంగతి వేరు. పాలసీ తీసుకొనేటప్పుడే ఏం మోస్తున్నారో కంపెనీకి వ్రాసి జవాబు తీసుకోవడం మంచిది. ఒకవేళ ఈ కారణంతో మొత్తం తిరస్కరిస్తే నిరాశపడనక్కరలేదు. అమలేందు సాహు కేసులో సుప్రీంకోర్టు 2010లో, వినియోగ షరతు తప్పినంత మాత్రాన క్లెయిమును పూర్తిగా త్రోసిపుచ్చరాదని, కొంత తగ్గించి ఇవ్వాలని తీర్పు చెప్పింది. అటువంటి క్లెయిములకు 75 శాతం వరకు ఇచ్చే మార్గదర్శకాలను కోర్టు అందులో ప్రస్తావించింది.

లైసెన్సు లేని పిల్లవాని చేతికి బండి ఇచ్చి కేంద్రానికి పంపితే ఈ వాదనలేవీ పనికిరావు. కాలవ గట్ల మీద, ధాన్యం ఆరబోసిన రోడ్ల మీద పదిహేనేళ్ళ కుర్రవాళ్ళు క్యాన్లతో పోవడం మనకు అలవాటైపోయింది. దెబ్బ తగిలితే బండి సొమ్ము రాదు. ఎదుటివానికి గాయమైతే నష్టపరిహారం ఇల్లు గడిచే సొమ్ములోంచే కట్టవలసి వస్తుంది.

పాత బండి కొన్నవారు ఆర్.సి. పేరు మార్పుతో ఆగిపోతారు. 14 రోజులలో పాలసీ కూడా మీ పేరిట మార్పించాలి. థర్డ్ పార్టీ బీమా బండితోపాటు దానంతట వస్తుంది గాని, సొంత నష్టం బీమా అలా రాదు.

తప్పు ఎదుటివానిదైతే అతని బండి థర్డ్ పార్టీ బీమా నుండి మీ నష్టం అడగవచ్చును. దానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునలుకు పోవాలి. అక్కడ ఎస్టిమేటు, రసీదులు సాక్ష్యాలు. ఎస్టిమేటుకు మీరిచ్చిన రుసుము రసీదును కూడా జతచేసి అడగండి.

కంపెనీ ఆలస్యం చేస్తే

బీమా నియంత్రణ సంస్థ 2024లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తెలియజేసిన 24 గంటలలో సర్వేయరును నియమించాలి, 15 రోజులలో రిపోర్టు రావాలి, వచ్చిన ఏడు రోజులలో నిర్ణయం చెప్పాలి. రిపోర్టు తెప్పించుకొనే బాధ్యత కంపెనీది, మీరు సర్వేయరు చుట్టూ తిరగనక్కరలేదు.

నిర్ణయం నచ్చకపోతే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాయండి, నకలు ఉంచుకోండి. నెల లోపల జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోనిదే. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. తిరస్కరణ ఉత్తరం వచ్చిన ఏడాది లోపల పంపాలి. పాలసీ, క్లెయిము నంబరు, ఫోటోలు, జాబ్ కార్డు, రసీదులు, సర్వేయరు రిపోర్టు నకళ్ళు జతచేయాలి. వ్రాయడం రానివారు సంఘం సెక్రటరీగారి సహాయం తీసుకోవచ్చును.