రాజర్షి అనే మాట ఎలా వచ్చింది?

అక్కలారా, హరికథలో ‘రాజర్షి జనకుడు’ అనడం విన్నారు కదూ! చెవికి తెలిసిన మాటే. చదవబోతే మాత్రం ‘ర్షి’ దగ్గర నాలుక తడబడుతుంది. అందుకే ఈ మాటను విడదీసి చూద్దాం.

ఇది సంస్కృతం మాట. ఇందులో రెండు మాటలున్నాయి. రాజ, ఋషి. సంస్కృతంలో ‘అ’ పక్కన ‘ఋ’ వస్తే రెండూ కలిసి ‘అర్’ అవుతాయి. అలా రాజర్షి అయింది. మహర్షి కూడా ఇలా వచ్చిందే.

ఇంట్లో పాత రామాయణం పుస్తకం ఉంటే తీసి చూడండి. అందులో ‘షి’ రాసి, కుడి పక్కన ౯ లాంటి గుర్తు పెట్టి ఉండొచ్చు. దాన్ని వలపలగిలక అంటారు. గుర్తు వెనక ఉన్నా ‘ర్’ ముందే పలకాలి.

ఋషి అంటే గడ్డం, జడలు ఉన్నాయన అనుకుంటాం. వేదంలోని మాటలకు అర్థాలు చెప్పిన యాస్కుడి పుస్తకంలో వేరే ఉంది. ఋషి అంటే చూసినవాడట. మంత్రాన్ని మనసుతో చూసినవాడన్నమాట. అలా చూసినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. ఋగ్వేదంలో ఘోష, అపాల, లోపాముద్ర పేర్లున్నాయి. ఈ సంగతి మనకెవరైనా చెప్పారా?

మరి రాజు? వెలిగేవాడు అని కొందరంటారు. జనాన్ని సంతోషపెట్టేవాడు అని భారతంలో ఉంది. ఈ రెండో అర్థాన్ని భాషా పండితులు ఒప్పుకోరు. నాకైతే అదే నచ్చుతుంది. కిరీటం పెట్టుకుంటే ఎవరైనా వెలుగుతారు కదా!

జనకుడు విదేహ దేశానికి రాజు. మిథిల ఆయన ఊరు. ఆ ప్రాంతం ఇప్పుడు కొంత బీహారులో, కొంత నేపాల్‌లో ఉంది. రాజ్యం ఏలుతూనే జ్ఞానం సంపాదించాడు కాబట్టి రాజర్షి అన్నారు. జనకుడి సభలోనే గార్గి అనే ఆమె లేచి, యాజ్ఞవల్క్యుడంతటి వాణ్ణి ప్రశ్న మీద ప్రశ్న అడిగింది. ఇది ఉపనిషత్తులో ఉంది.

ఈ బిరుదు దగ్గరి కాలంలోనూ ఇచ్చారు. మహారాష్ట్రలో కొల్హాపూరు రాజు శాహూ మహారాజ్ ఉండేవాడు. 1902లో వెనకబడిన కులాలకు ఉద్యోగాల్లో సగం కేటాయించాడు. 1917లో పిల్లలందరికీ చదువు తప్పనిసరి అన్నాడు. ఫీజు లేదు. బిడ్డను బడికి పంపకపోతే అమ్మానాన్నలకు నెలకు రూపాయి జరిమానా! ఆ రోజుల్లో రూపాయంటే మాటలా? 1919లో కాన్పూరులో కుర్మీ కులస్థులు సభ పెట్టి, ఆయన్ను రాజర్షి అన్నారు. ఆయన అడవికి పోయి తపస్సేమీ చెయ్యలేదు.

ఇప్పుడు పలక తీసుకోండి. దేవ, ఋషి కలిపి రాయండి. నారదుణ్ణి అలాగే పిలుస్తారు. తర్వాత సప్త, ఋషి కలపండి. రాత్రి ఆకాశంలో ఉత్తరం వైపు ఏడు చుక్కలు కనిపిస్తాయి. వాటి పేరు అదే.