కొండెమా, సాక్ష్యమా?

ప్రశ్న: అయ్యగారూ, మా సంఘ పెద్ద ఒకాయన ఇద్దరు విధవరాండ్ర దగ్గర డబ్బు తీసుకుని ఏడాదిగా తిప్పుకుంటున్నారు. వాళ్లు నా దగ్గర ఏడ్చారు. బయటపెడితే కొండెగత్తెనవుతానని భయం (సామెతలు 11:13). తెలిసీ చెప్పని సాక్షి దోషి అంటోంది లేవీయకాండము 5:1. నేను దేనికి లోబడాలి?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: రెండింటికీ లోబడవచ్చమ్మా. సామెతల్లో చెప్పింది ఎదుటివాళ్ల గుట్టు మోసుకు తిరిగేవాళ్ల గురించి. లేవీయకాండములో చెప్పింది సాక్ష్యం అడిగినప్పుడు నోరు విప్పనివాడి గురించి. కొరింథు సంఘంలో కలహాలున్నాయని పౌలుకు చెప్పింది క్లోయె ఇంటివాళ్లు (1 కొరింథీ 1:11). పౌలు వాళ్లను కొండెగాళ్లనలేదు. చెప్పినవాళ్లెవరో ఉత్తరంలోనే రాశాడు. వాళ్లు చెప్పింది ఆ గొడవను సరిదిద్దగల మనిషికి. మీరూ అలాంటి మనిషికే, మీ పేరుతోనే చెప్పండి.

అయితే ముందు ఆ ఇద్దరినీ అడగండి. కష్టం వాళ్లది, బయటపెట్టాలో వద్దో చెప్పాల్సిందీ వాళ్లే.

‘మొదట ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి కదా’ అని మత్తయి 18:15 చూపించేవాళ్లుంటారు. సహోదరుల మధ్య అది మంచి దారి. కానీ ఆ వచనం చెప్పి, భయపడుతున్న విధవరాలిని పెద్దరికం ఉన్న మనిషి ముందుకు ఒక్కదాన్నే పంపడం అన్యాయం. పెద్ద మీద నేరం మోపాలంటే ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని 1 తిమోతి 5:19 చెబుతోంది. ఆ ఇద్దరినీ వెంటబెట్టుకుని, ప్రామిసరీ నోటు ఉంటే అదీ తీసుకుని పాస్టరుగారి దగ్గరికి వెళ్లండి. ‘పెద్దల మీద మాట్లాడకూడదమ్మా’ అని ఆయన సర్దిచెప్పబోతే, ఆ తర్వాతి వచనం కూడా చదవమనండి. పాపం చేసేవాళ్లను అందరి ఎదుట గద్దించమని ఉంది అందులో.

దారిలో కలిసిన వాళ్లకు మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పకండి.

ప్రశ్న: మా స్త్రీల కూడికలో ప్రార్థన అంశాల పేరుతో ఊళ్లో అందరి సంసారాలూ బయటికొస్తున్నాయి. వద్దంటే ‘ప్రార్థన కోసమే కదా’ అంటున్నారు. ఏం చేయాలి?
– మరో సోదరి

జవాబు: మనం అడగకముందే మన అక్కర తండ్రికి తెలుసని మత్తయి 6:8లో ఉంది కదమ్మా. ఎవరి కొడుకు తాగుతున్నాడో, ఎవరి కోడలు పుట్టింటికి వెళ్లిపోయిందో ఆయనకు వివరించనక్కర్లేదు. వచ్చే కూడికలో ఒక కట్టుబాటు పెట్టుకోండి. ఎవరి అంశం వాళ్లే చెప్పాలి. రాలేనివాళ్లదైతే వాళ్లను అడిగి, చెప్పమన్నంత వరకే చెప్పాలి. ఇంకెవరైనా మొదలుపెడితే వెంటనే ‘ప్రార్థన చేద్దాం’ అని మీరే కళ్లు మూసుకోండి.