గడువు పెట్టి పనికి కుదుర్చుకున్నప్పుడు యజమానిపై ఉండే బాధ్యతలు

2023 డిసెంబరులో జుమా ప్రసంగం కోసం మేము లింగాల ఘనపూర్ మండలంలోని ఒక గ్రామానికి వెళ్ళాము. నమాజు ముగిశాక ఒక సోదరుడు మమ్మల్ని పక్కకు పిలిచి ఒక మస్అలా అడిగాడు. తన గొర్రెలూ మేకలూ కాయడానికి, పొలం పనికి ఆయన ఒక యువకుణ్ణి ఉగాది నుండి ఉగాది వరకు 1,44,000 రూపాయల జీతానికి కుదుర్చుకున్నాడు. యువకుడు ముస్లిం కాదు. డిసెంబరు 2 వరకు పని చేశాడు. తర్వాత తల్లి మంచాన పడడంతో ఊరికి వెళ్ళిపోయాడు. అప్పటికి 50,000 తీసుకొని ఉన్నాడు. "ఏడాది నిండలేదు కదా మౌలానా, ఇక నేను ఇచ్చేది లేదు. పైగా రెండు మేకలు పోయాయి, వాటి ఖరీదు 18,000 అతనే ఇవ్వాలి" అన్నాడు. ఆ యువకుడి మేనమామ మస్జిదు గేటు బయట చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు.

ఈ మస్అలా ఒక్క ఇంటిది కాదు. దుకాణంలో కుర్రవాణ్ణి పెట్టుకున్నవారికీ, ట్రాక్టరు డ్రైవరును ఏడాదికి మాట్లాడుకున్నవారికీ, మదర్సాలో ఉస్తాదును నియమించే కమిటీలకూ ఇది వర్తిస్తుంది. అందుకే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాము.

గడువుతో కూడిన ఉద్యోగ ఒప్పందం నేటి కంపెనీలు కనిపెట్టినదేమీ కాదు. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్‌యన్ చేరినప్పుడు అక్కడి వృద్ధుడు తన కుమార్తెల్లో ఒకరినిచ్చి నికాహ్ చేస్తానని, అందుకు ఎనిమిది సంవత్సరాలు తన వద్ద పని చేయాలని అడిగాడు. పది పూర్తి చేస్తే అది మూసా (అలై) ఇష్టంతో చేసే మేలు అవుతుందన్నాడు. ఆయనను కష్టపెట్టడం తన ఉద్దేశం కాదని కూడా చెప్పాడు. ఈ రెండు గడువుల్లో దేనిని పూర్తి చేసినా తనపై అన్యాయం జరగకూడదని మూసా (అలై) షరతు పెట్టి, అల్లాహ్‌ను సాక్షిగా పేర్కొన్నారు. అల్ ఖసస్ సూరా 27, 28 ఆయతుల్లో ఈ వృత్తాంతం ఉంది. గడువెంతో, ప్రతిఫలమేమిటో, తప్పనిసరి ఎంతో, ఐచ్ఛికమెంతో అన్నీ ముందే తేల్చుకున్నారు. పనివాడే షరతు పెట్టాడు, యజమాని దాన్ని వినయంగా ఒప్పుకున్నాడు. మన ఊళ్ళలో జీతానికి కుదిరేవాడు నోరు తెరిచి షరతు పెడితే "అప్పుడే ఇన్ని మాటలా" అని కసురుకుంటాము. మూసా (అలై) రెండు గడువుల్లో పెద్దదాన్నే పూర్తి చేశారని హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజియల్లాహు అన్హు) తెలిపారు (బుఖారీ).

పనివాడు ముస్లిం కానంత మాత్రాన అతని హక్కు తగ్గదు. హిజ్రత్ ప్రయాణానికి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం), హజ్రత్ అబూబక్ర్ (రజి) దారి చూపేందుకు కూలికి కుదుర్చుకున్న వ్యక్తి అప్పటికి ఖురైషుల మతంపైనే ఉన్నాడు. తమ ఒంటెలను అతనికి అప్పగించి, మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ వద్దకు తీసుకురావాలని సమయం పెట్టారు. ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహి) ఈ హదీసును కూలి ఒప్పందాల అధ్యాయంలోనే చేర్చారు. ప్రాణాలనే అప్పగించినవారూ, ఆ నమ్మకాన్ని నిలుపుకున్నవాడూ వేర్వేరు ధర్మాలవారు!

ఇక ఫిఖ్‌హ్ మాట. నిర్ణీత కాలానికి ఒకే యజమాని వద్ద ఉండే పనివాణ్ణి ఫుఖహాలు 'అజీరె ఖాస్' అంటారు. హనఫీ ఫిఖ్‌హ్ గ్రంథం హిదాయా ప్రకారం, ఇతడు గడువులో తనను తాను పనికి అప్పగించుకుంటే చాలు, జీతానికి హక్కుదారుడవుతాడు. యజమాని ఆ రోజు పని చూపించకపోయినా జీతం ఇవ్వవలసిందే. వాన పడింది, కరెంటు లేదు, గిరాకీ లేదు అనే సాకులతో అతని రోజు కోయడం చెల్లదు. రెండో విషయం: అతని చేతిలో ఏదైనా పోతే, అతని అతిక్రమణ లేదా నిర్లక్ష్యం వల్ల పోయిందని తేలితే తప్ప నష్టం అతనిపై పడదు. మేక రోగం వచ్చి చస్తే కాపరి ఏం చేస్తాడు? మందను వదిలేసి మరో ఊరికి వెళ్ళి ఉంటే అది వేరే మాట. మేము విచారించగా ఒక మేక జబ్బుతో చచ్చిందని తెలిసింది. రెండోది ఎలా పోయిందో యజమానికే తెలియదు. తెలియనిదాన్ని పనివాడి మెడకు చుట్టరాదు.

మధ్యలో మానుకోవడం సంగతేమిటి? కారణం లేకుండా ఒప్పందం తెంచడం తప్పే. ఒప్పందాలను నెరవేర్చమని అల్ మాయిదా సూరా మొదటి ఆయతే ఆదేశిస్తోంది. కానీ సరైన కారణం ఉంటే ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చని హనఫీ ఫుఖహాలు స్పష్టం చేశారు. తల్లి జబ్బు సాకు కాదు. ఒకవేళ కారణం లేకుండా వెళ్ళినా, అతను పని చేసిన రోజుల జీతం యజమానికి హలాల్ కాదు. పని పూర్తిగా చేయించుకొని కూలి ఇవ్వనివానికి విరుద్ధంగా ప్రళయదినాన తానే వాదిగా నిలుస్తానని అల్లాహ్ సెలవిచ్చినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు (బుఖారీ). "ఏడాది నిండకపోతే ఏమీ లేదు" అనే ఊరి కట్టుబాటుకు షరీఅత్‌లో ఆధారం లేదు.

ఉగాది లెక్కలో ఒక చిక్కుంది, దీన్ని చాలామంది గమనించరు. 2023లో అధిక శ్రావణం వచ్చింది. ఆ ఏడు ఉగాది మార్చి 22న, మరుసటి ఉగాది 2024 ఏప్రిల్ 9న వచ్చాయి. అంటే ఆ 'ఏడాది' 384 రోజులు. దాని తర్వాతి ఉగాది 2025 మార్చి 30న రావడంతో ఆ ఏడాది 355 రోజులే. ఒకే జీతానికి ఒకడు 29 రోజులు ఎక్కువ పని చేస్తాడు. పంచాంగం చూడగల యజమానికి ఇది తెలుసు, చదువురాని పనివాడికి తెలియదు. ఒప్పందంలో జగడానికి దారితీసే అస్పష్టత ఉండరాదని ఫుఖహాలు చెప్పింది ఇలాంటి చోటే. కూలికి పెట్టుకునేటప్పుడు కూలి ఎంతో ముందే తెలపాలని హదీసు ఉండగా, గడువు తెలపకుండా కూలి తెలిపినట్లు ఎలా అవుతుంది? అందుకే ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు అని రాసుకోండి. అల్ బఖరా 282వ ఆయతులో గడువుతో కూడిన అప్పును రాసిపెట్టమని ఆదేశముంది. జీతం బాకీ కూడా యజమాని మెడపై ఉండే అప్పే.

ముందుగా ఇచ్చే డబ్బు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. జీతాన్ని ముందే ఇస్తే అది ధర్మసమ్మతం. కానీ "అప్పు ఇస్తాను, తీరేదాకా నా దగ్గరే పని చేయాలి" అంటే అది వేరు. అప్పు ద్వారా లాభం లాగడం రిబా అవుతుంది, మనిషి కట్టుబానిస అవుతాడు. జనగామ ప్రాంతంవారికి వెట్టి గురించి మేము చెప్పనవసరం లేదు. విసునూరు దేశ్‌ముఖ్ దౌర్జన్యానికి ఎదురు నిలిచిన ఈ గడ్డపైనే, కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణాలర్పించాడు. అదే దేశ్‌ముఖ్‌తో భూమి కోసం పోరాడి హత్యకు గురైన షేక్ బందగీ సమాధి కామారెడ్డిగూడెంలో ఉంది. నిజాం పాలనలోనే 1943లో భాగేలా ఒప్పందాలపై చట్టం వచ్చింది. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం తాను నిషేధించే పద్ధతుల జాబితాలో భాగేలా, జీత, పాలేరు, వెట్టి అనే మన పేర్లనే చేర్చింది. అప్పు చూపి మనిషిని కట్టిపడేస్తే మూడేళ్ళ వరకు జైలు, జరిమానా ఉంటాయి. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం 2016 సవరణతో అన్ని వృత్తుల్లోనూ నిషిద్ధమైంది. ఇంటి పని, తల్లిదండ్రులు ఒప్పుకున్నారు వంటి మాటలు ఇక్కడ పనికిరావు.

దేశ చట్టం షరీఅత్‌కు విరుద్ధం కానంతవరకు దాన్ని పాటించడం మనపై ఉన్న బాధ్యత. నాలుగు కొత్త కార్మిక స్మృతులు 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం గడువు ఒప్పందంపై తీసుకున్న ఉద్యోగికి అదే పని చేసే పర్మినెంటు ఉద్యోగి కంటే పనిగంటలు, జీతం, అలవెన్సుల్లో తక్కువ చేయరాదు. గ్రాట్యుటీ వర్తించే సంస్థల్లో అతనికి ఐదేళ్ళు అక్కరలేదు, ఒక సంవత్సరం సేవకే దామాషాగా రావాలి. నెల జీతమైతే మరుసటి నెల ఏడో తేదీలోపు చెల్లించాలి. తీసివేసినా, తానే మానుకున్నా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న దైవప్రవక్త (స) ఉపదేశాన్ని (ఇబ్ను మాజా) విన్న మనం ఆ రెండు రోజులు కూడా వాడుకోకుంటే ఇంకా మంచిది. గడువు ముగిశాక ఒప్పందం పొడిగించకపోవడం నేరం కాదు, పాపమూ కాదు. అయితే గ్రాట్యుటీ ఎగ్గొట్టేందుకు పదకొండో నెలలో తీసేసి, వారం తర్వాత మళ్ళీ పెట్టుకునేవారున్నారు. కాగితంపై తప్పు కనిపించకపోవచ్చు. సంకల్పం మాత్రం అల్లాహ్‌కు తెలుసు.

ఇక్కడే మన కమిటీల విషయం చెప్పకపోతే మేము పక్షపాతం చేసినట్లే. ఉస్తాదులను షవ్వాల్‌లో నియమించి షాబాన్ చివర్లో పంపేసి, రమజాన్ జీతం ఎగ్గొట్టే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. నియామకం పూర్తి సంవత్సరానికైతే సెలవు నెల జీతం కూడా ఇవ్వాలి. షాబాన్ వరకే అయితే ఆ మాట షవ్వాల్‌లోనే, రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకుండా ఊరుకుంటే ఆ ప్రాంతపు వాడుకే షరతు అవుతుంది.

ఘనపూర్ సోదరుడికి మేము అక్కడే కాగితం పెట్టి లెక్క చేసి చూపాము. నెలకు ఇంత అని మాట్లాడుకోలేదు, ఉగాది నుండి ఉగాదికే మాట. కనుక 384 రోజులకు 1,44,000 అంటే రోజుకు 375. మార్చి 22 నుండి డిసెంబరు 2 వరకు 256 రోజులకు 96,000. అందులో 50,000 ముట్టింది, 46,000 బాకీ. నెలకు 12,000 అని మాట్లాడుకొని ఉంటే ఎనిమిది నెలల పదకొండు రోజులకు 1,00,400 అయ్యేది. ఆ 4,400 తేడాను కూడా సంతోషంగా ఇస్తే మేలని, తప్పనిసరి మాత్రం కాదని చెప్పాము. మేకల సొమ్ము కోయరాదన్నాము. ఆయన చాలాసేపు కాగితం వంక చూసి, గేటు దగ్గరికి నడిచి వెళ్ళి "అన్నా, లోపలికి రా, కూర్చో" అని ఆ మేనమామను పిలిచాడు.