తప్పనిసరి అక్షరం

ఏ, డి, జి, ఐ, ఎన్, ఆర్, టి. ఈ ఏడు ఇంగ్లీషు అక్షరాలనూ ఒక కాగితం మీద రాసుకోండి. 'డి' చుట్టూ సున్న చుట్టండి. వీటితో మీకు తెలిసిన ఇంగ్లీషు మాటలు ఎన్ని కట్టగలరో చూద్దాం. మాటలో కనీసం నాలుగక్షరాలుండాలి. ఒకే అక్షరాన్ని ఎన్నిసార్లయినా వాడవచ్చు. ఊళ్ళ పేర్లూ, మనుషుల పేర్లూ పనికిరావు. అన్నిటికంటే ముఖ్యమైన నియమం: ప్రతి మాటలోనూ 'డి' ఉండి తీరాలి.

అయిదు నిమిషాలు ప్రయత్నించాకే కింద చదవండి.

అమెరికాలోని 'న్యూయార్క్ టైమ్స్' పత్రిక ఇలాంటి ఆటను 'స్పెల్లింగ్ బీ' అనే పేరుతో 2018 నుంచి తన వెబ్‌సైటులో రోజూ ఇస్తున్నది. తేనెపట్టులో లాగా చుట్టూ ఆరు గదులు, వాటిలో ఆరక్షరాలు. నడిమి గదిలో తప్పనిసరి అక్షరం ఉంటాయి.

ఈ 'డి' షరతు లేకపోతే ఆట తేలికయ్యేదని మీకు అనిపించి ఉంటుంది. లెక్కవేసి చూడండి. ఏడక్షరాలతో నాలుగక్షరాల వరసలు 7×7×7×7, అంటే 2401 వస్తాయి. వాటిలో 'డి' అసలు లేనివి 6×6×6×6, అంటే 1296. కనుక మనం వెతకవలసినవి 1105 మాత్రమే. షరతు మన పనిని సగానికి పైగా తగ్గించింది! అందుచేత తప్పనిసరి అక్షరాన్ని చివరికి అతికించే ప్రయత్నం చేయకండి. దానితోనే మొదలుపెట్టండి.

ఎలా? ప్రతి అక్షరానికీ కొన్ని స్నేహాలుంటాయి. మాట మొదట్లో 'డి' వస్తే దాని పక్కన అచ్చయినా ఉండాలి, 'ఆర్' అయినా ఉండాలి. 'డి-జి' అని గానీ 'డి-టి' అని గానీ మొదలయ్యే మామూలు ఇంగ్లీషు మాట మీకు కనబడదు. 'డి-ఆర్'తో డ్రాగ్, డ్రెయిన్ వెంటనే దొరుకుతాయి. ఇక మాట చివరికి రండి. అక్కడ ఈ జంట అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. కార్డ్, బర్డ్ మాటల్లో చివర ఉన్నది 'ఆర్-డి'. 'ఎన్-డి' కూడా అంతే. అది చివరే వస్తుంది, మొదట రాదు. గ్రాండ్, గ్రైండ్, పండుతొక్క అనే అర్థం గల రైండ్ అలా దొరికినవే. 'ఐ-డి'తో ముగిసేవి చూస్తే గ్రిడ్, రెయిడ్, రిజిడ్ ఉన్నాయి. భూగోళంలో చదివిన యారిడ్, అంటే వానలు లేని పొడినేల, అదీ ఉంది.

మన పిల్లలు మాటల తోకలను తక్కువగా వెతుకుతారు. అందుకు కారణం లేకపోలేదు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్ మనకు బస్సయింది, కార్ కారయింది. రెండు హల్లులు కలిసి తోకలో కూర్చోవడం మన చెవికి అలవాటు లేదు. అలవాటు చేయాలి.

ఇంకో మంచి తోక మీ ఎదుటే ఉంది: ఐ-ఎన్-జి. దానికి ముందు ఏదైనా క్రియను తగిలించండి. యాడింగ్, డ్రెయినింగ్, గ్రైండింగ్! రీడింగ్ కూడా రాశారా? అయితే కొట్టేయండి. చెవికి 'ఈ' వినిపించింది గానీ, దాని స్పెల్లింగులో ఉండే 'ఇ' అనే అక్షరం మన ఏడింటిలో లేదు. ఈ ఆటలో తీర్పు చెప్పేది కన్నే, చెవి కాదు.

మరి రైడింగ్? రైడ్ మాట చివర 'ఇ' ఉంది కదా, అది కూడా కుదరదంటారా? కుదురుతుంది. పలకని 'ఇ'తో ముగిసే క్రియకు ఐ-ఎన్-జి చేరితే సాధారణంగా ఆ 'ఇ' జారిపోతుంది. అలా డేర్ నుంచి డేరింగ్, ట్రేడ్ నుంచి ట్రేడింగ్ వస్తాయి. ట్రేడింగ్‌లో ఏడక్షరాలూ ఉన్నాయి, చూశారా! అలాంటి మాటను పాన్‌గ్రామ్ అంటారు. దీనికంటే పెద్దది మీ సైన్సు పుస్తకంలోనే ఉంది. వేడి వస్తువు నలువైపులా వికిరణం వెదజల్లుతున్నదని చెప్పడానికి వాడే రేడియేటింగ్: ఆర్-ఏ-డి-ఐ-ఏ-టి-ఐ-ఎన్-జి. కోణాన్ని కొలిచే రేడియన్ కూడా ఈ అక్షరాల్లోనే ఇమిడి ఉంది.

అక్షరాల స్నేహాలను లెక్కించినట్టే, అవి ఎంత తరచుగా వస్తాయో కూడా లెక్కించవచ్చు. అమెరికా ఆర్థికమాంద్యంలో పని పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టు వార్తాపత్రికలు ముందేసుకుని ఆ పనే చేశాడు. ఆ లెక్క మీద తయారైన ఆటకు 1948లో 'స్క్రాబుల్' అనే పేరు స్థిరపడింది. అందులోని 100 బిళ్ళల్లో 'ఇ' 12 ఉంటే 'డి' 4, 'క్యూ' ఒకటే ఉన్నాయి. కానీ ఆ ఒక్కదానికీ 10 పాయింట్లు.

ఆ 'క్యూ' చేతికొస్తే సంతోషించాలా, ఏడవాలా? దాని స్నేహితుడు 'యు' ఒక్కడే. ఆ స్నేహం కూడా అరువుదే. క్వీన్ అనే మాటను పూర్వం ఇంగ్లండులో 'సి-డబ్ల్యూ'తో మొదలుపెట్టి రాసేవారు. 1066లో నార్మన్లు జయించాక, ఫ్రెంచి అలవాటున్న లేఖకుల మూలంగా 'క్యూ-యు' స్థిరపడింది. మరి చేతిలో 'యు' లేకపోతే? అరబ్బీ నుంచి వచ్చిన మాటలు ఆదుకుంటాయి. మనకు బాగా తెలిసిన ఫకీరును ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్ అని రాయవచ్చు. చైనా నుంచి వచ్చిన రెండక్షరాల మాట 'క్యూ-ఐ' ఇంకా చిన్నది. ప్రాణశక్తి అని దాని అర్థం, 'చీ' అని పలుకుతారు. ఉత్తర అమెరికా ఆటగాళ్ళ జాబితాలోకి అది 2006లో ఎక్కింది. నన్నడిగితే, బట్టీ పట్టదగిన మాటలంటూ ఉంటే ఇలాంటివే. మిగతావాటికి స్నేహాలు తెలిస్తే చాలు.

ఇప్పుడు మీ వంతు. అక్షరాలు ఏ, సి, ఇ, ఎల్, ఎన్, ఆర్, యు. తప్పనిసరి అక్షరం 'సి'. ఏడింటినీ ఒక్కొక్కసారే వాడి రెండు మాటలు కట్టాలి. ఒకటి పరమాణు కేంద్రకానికి సంబంధించినది. రెండోది స్పష్టంగా లేనిదానికి వాడే మాట. దీనికి తోకను కాదు, తలను వెతకండి.

జవాబు: న్యూక్లియర్, అన్‌క్లియర్.