దూరదేశమున బోధింపబోవువాని సిద్ధపాటు

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 3:1-12, అపొస్తలుల కార్యములు 7:20-34, 18:1-4, 18-26

మోషే ఐగుప్తీయుల సకల విద్యలును అభ్యసించినవాడు. అటుపిమ్మట మిద్యానులో మామ మందను మేపుచు ఆయన గడపినది నలువది ఏండ్లు. ఇశ్రాయేలీయులను అరణ్యమార్గమున నడిపింపవలసి వచ్చినప్పుడు ఈ రెండింటిలో ఏది ఎక్కువ అక్కరకు వచ్చెనని అడిగినచో, స్తెఫను ప్రసంగమును శ్రద్ధగా చదివినవారు తొందరపడి జవాబు చెప్పరు. నీరు ఎచ్చట దొరకునో, మంద దినమునకు ఎంత దూరము నడువగలదో రాజగృహము నేర్పునది కాదు.

పరదేశమునకు బోధకుడుగా వెళ్లగోరువాని విషయములోను ఈ ప్రశ్నయే లేచును. పట్టాలు, అనుమతి పత్రములు, ప్రయాణపు ఖర్చు, ఇవన్నియు అందరికిని కనబడు సిద్ధపాటు. కనబడని సిద్ధపాటు మరియొకటి కలదు. దానిని పరిశీలించుటకు విలియం కేరీ (1761-1834) జీవితము మిక్కిలి తగినది. ఏలయనగా ఆయన ఇంగ్లండు విడుచునాటికి ఆయనయొద్ద పట్టా ఒక్కటియు లేదు.

కేరీ నార్తాంప్టన్‌షైరులోని పాలర్స్‌పరీ అను పల్లెలో పుట్టెను. తండ్రి నేతపనివాడు, కుమారునికి ఆరేండ్లు వచ్చినప్పుడు ఆ గ్రామపు బడికి ఉపాధ్యాయుడాయెను. పినతండ్రి పీటరు కెనడాలో కొంతకాలముండి తిరిగివచ్చి తోటపని చేసికొనుచుండెను. మొక్కల పేర్లును, సముద్రమునకు ఆవలి దేశపు కథలును ఆ బాలునికి ఆయన యొద్దనే దొరకెను. బాలుని కోరిక పొలము పనియే. కాని ఎండ తగిలినచో చర్మము మండి బాధించు వ్యాధి ఉండుటచేత ఆ పని మానిపించి, పిడింగ్టనులో చెప్పులు కుట్టు ఒక యజమానునియొద్ద పనికి కుదిర్చిరి. ఇంగ్లండు ఎండకే తాళలేని ఆ బాలుడు తరువాత బంగాళా దేశపు ఎండలలో నలువది ఏండ్లకు పైగా, ఒక్కసారియైనను స్వదేశమునకు మరలిపోకుండ, పనిచేసెను. మనుష్యులు సిద్ధపాటును లెక్కకట్టు పద్ధతి ఎంత అక్కరకు వచ్చునో ఇచ్చటనే తెలియుచున్నది.

ఆ అంగడిలో క్రొత్త నిబంధనపై ఒక వ్యాఖ్యానగ్రంథముండెను. దానిలో నడుమనడుమ వింతయైన అక్షరములు కనబడెను. అవి గ్రీకు అక్షరములు. చదువువచ్చిన పెద్దమనుష్యులను అడుగుటకు చెప్పుల అంగడి కుఱ్ఱవానికి వీలెక్కడిది? ఆయన ఆ అక్షరములను కాగితముపై ఉన్నవి ఉన్నట్లుగా గీసికొని, ఇంటికి వెళ్లినప్పుడు పాలర్స్‌పరీలోని థామస్ జోన్స్‌కు చూపించెను. ఈ జోన్స్ ఒకప్పుడు మంచి చదువు చదివి, దానిని పాడుచేసికొని, మగ్గము నేయుచు బ్రదుకుచున్న మనుష్యుడు. ఊరివారికి ఆయన పడిపోయినవాడు. కేరీకి ఆయన గురువు. ఈ సంగతిని జీవితచరిత్రలు రెండు వాక్యములలో దాటిపోవును గాని, తరువాత జరిగినదానికంతటికిని మూలము ఇందులోనే యున్నది. తనకు తెలియనిది ఎవనికి తెలిసియున్నదో వానియొద్దకు, వాని అంతస్తు చూడక, కాగితము పట్టుకొని వెళ్లుట ఆయనకు పదియారేండ్లు నిండకమునుపో నిండిన పిమ్మటనో అలవాటాయెను.

1785లో కేరీ మౌల్టనుకు వెళ్లి, అక్కడి చిన్న సంఘమునకు బోధించుచు, ఒక బడి పెట్టెను. బడి బాగుగా సాగలేదు. పిల్లలను అదుపులో పెట్టుట ఆయనకు చేతకాలేదు; బడిని తాను నడిపించుటకు మారుగా పిల్లలే తన్ను నడిపించిరని తరువాత ఆయన నవ్వుచు చెప్పెనందురు. కావున పూర్వము బోధించిన అనుభవమే ఆయనను పరదేశపు బోధకునిగా చేసెనని చెప్ప వీలులేదు. అయితే ఆ గదిలో మరియొకటి జరుగుచుండెను. తోలుముక్కలతో ఆయన ఒక భూగోళమును చేసెను. కాగితములు అతికించిన పెద్ద పటమును గోడకు తగిలించి, ఒక్కొక్క దేశపు జనసంఖ్యను, మతమును, స్థితిని దానిపై వ్రాసికొనెను. నావికుడు కుక్ ప్రయాణముల గ్రంథమును చదివెను. లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలతోపాటు డచ్చి, ఫ్రెంచి భాషలను కూడ చెప్పులు కుట్టుచునే అభ్యసించెను. కెటరింగులోని తోలు వర్తకుడు గాచ్ ఈ సంగతి గ్రహించి, చెప్పుల పని మాని చదువుకొమ్మని వారమునకు పది షిల్లింగులిచ్చుటకు ఒప్పుకొనెను. ఆ గోడపటములోని లెక్కలే 1792లో ఆయన ప్రకటించిన చిన్న గ్రంథములో పట్టికలుగా అచ్చుపడెను. ఆ సంవత్సరము అక్టోబరు 2న కెటరింగులో బాప్తిస్టు మిషనెరీ సంఘము ఏర్పడెను; 1793 నవంబరులో కేరీ కలకత్తా చేరెను.

ఇక్కడినుండి ఆయన తొలి పాఠము బోధించుట కాదు, మరల బడిలో కూర్చుండుటయే. రామరామ బసు అను మున్షీ ఆయనకు బంగాళీ నేర్పెను. 1794లో మదనావతి అను చోట నీలిమందు ఫ్యాక్టరీకి మేనేజరుగా కుదిరి, అచ్చట దాదాపు ఆరేండ్లు గడపెను. మిషను పని మాని వ్యాపారమున పడెనని స్వదేశమందలి కొందరు సందేహించిరి. కాని కూలివారితోను, రైతులతోను, అప్పులవారితోను దినదినమును మాటలాడక తప్పని ఉద్యోగమది. 1801లో శ్రీరాంపూరులో అచ్చుపడిన ‘కథోపకథన్’ అను సంభాషణల పుస్తకమును చూచినచో ఆ ఏండ్ల ఫలము తెలియును: కూలివారి మాటలు, సంతకు పోవు స్త్రీల మాటలు, ఆడువారి జగడము, ఋణదాతకును ఋణస్థునికిని జరుగు బేరములు. పండితుని గ్రంథాలయములో కూర్చుండియున్నవానికి ఇవి దొరకవు. ఆ సంవత్సరమే కేరీ ఫోర్ట్ విలియం కళాశాలలో బంగాళీ బోధకుడుగా నియమింపబడెను. కంపెనీవారి యువ ఉద్యోగులకు ఈ దేశపు భాష నేర్పుట ఆయన పని. నెలకు వచ్చిన 500 రూపాయలు మిషను ఉమ్మడి నిధికి చేరెను. అక్కడ మృత్యుంజయ విద్యాలంకార్ మొదలైన పండితులతో కూడి పనిచేయుచు, వారియొద్ద నేర్చుకొనుచునే ఆయన నేర్పెను.

ఒక విందులో ఎవరో ఎగతాళిగా, ఈయన చెప్పులు కుట్టినవాడు కాడా అని అడుగగా, కుట్టినవాడను కూడ కాను, పాతవి బాగుచేసినవాడను మాత్రమే అని కేరీ బదులిచ్చెనని చెప్పుదురు. తోలుపని చేయువారిని ఈ దేశమున ఎట్లు చూచిరో ఎరిగిన తెలుగు క్రైస్తవ కుటుంబములకు ఈ జవాబు బరువు వేరుగా వివరింపనక్కరలేదు.

తెలుగు విషయములో ఒక మాట చెప్పవలెను. 1812 మార్చి 11న శ్రీరాంపూరు ముద్రణాలయము కాలిపోయినప్పుడు నష్టమైన వ్రాతప్రతులలో కేరీ తెలుగు వ్యాకరణము కూడ ఉండెను. ఆయన మరల కూర్చుండి వ్రాయగా అది 1814లో అచ్చుపడెను. 1818లో శ్రీరాంపూరునుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. ఈ ఓర్పును ఎంత మెచ్చుకొన్నను చాలదు. అయినను ఆ తర్జుమా తెలుగు సంఘములలో నిలువలేదు. తరువాతివారు మరల తర్జుమా చేయవలసివచ్చెను. కేరీ తెలుగుదేశమున నివసింపలేదు. పండితుని సహాయము ఆయనకుండెను. మదనావతి వంటి ఆరేండ్లు తెలుగునకు లేవు. ఒకే మనుష్యుడు, ఒకే శ్రద్ధ. అయినను సంతలో విన్న భాషకును, బల్లయొద్ద నేర్చిన భాషకును ఇంత భేదమేర్పడెను.

ఇంతవరకు చెప్పినది కేరీ సిద్ధపాటు. ఆ ఇంటిలో మరియొకరుండిరి. 1781లో వివాహమైనప్పుడు డొరొతీ రిజిస్టరులో సంతకమునకు బదులు గుర్తు పెట్టెను. ఆమెకు వ్రాయుట రాదు. ఇంగ్లండులోనే ఇద్దరు కుమార్తెలను పోగొట్టుకొనెను. భర్త బంగాళాకు పోవుదునన్నప్పుడు నిండు గర్భిణియైన ఆమె రానని చెప్పెను. మొదటి ప్రయత్నము సాగక ఆలస్యమైనందున, ప్రసవమైన కొన్ని వారములకే, సహోదరి కిట్టీ తోడువచ్చునను షరతుమీద ఒప్పుకొనెను. ఐదు నెలల సముద్రప్రయాణము. దిగినపిమ్మట దరిద్రము, రక్తవిరేచనములు. కిట్టీ దేభట్టాలో వివాహమాడి అక్కడనే నిలిచిపోయెను. 1794లో మదనావతియందు ఐదేండ్ల పీటరు చనిపోగా, కులభయముచేత పాతిపెట్టుటకు సహాయపడువారు దొరకుట కష్టమాయెను. ఆ తరువాత డొరొతీకి మతి చలించెను.

గోడపటమును చూచి కేరీ ప్రపంచమును నేర్చుకొనుచున్నప్పుడు ఆ గదిలోనే ఆమెయు ఉండెను. ఆ పటము ఆమెకు ఎవరైనను వివరించిరో లేదో ఏ గ్రంథమును చెప్పుట లేదు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములోని దంపతులను దీనితో పోల్చి చూడవలెను. అకుల, ప్రిస్కిల్ల ఇద్దరును డేరాలు కుట్టువారు. రోమానుండి కొరింథుకు, అచ్చటనుండి ఎఫెసుకు కలిసియే వెళ్లిరి. విద్వాంసుడైన అపొల్లోకు దేవుని మార్గమును ఇద్దరును కలిసియే విశదపరచిరి. ప్రయాణము ఒకనిది, సామాను మోయుట మరియొకరిది అనునట్లు లేదు. ఈనాడు గల్ఫు దేశములకును, ఆఫ్రికాకును, అమెరికాకును ఉపాధ్యాయులుగా వెళ్లు తెలుగువారి ఇండ్లలో ఉద్యోగపు కాగితములు ఒకరి పేరనే వచ్చును. ఆ ఒకరికి దేవుడు ఇచ్చిన అనుభవములను లెక్కించుచున్నప్పుడు, అవి రెండవవారికి ఇయ్యబడినవా అని కాగితములపై సంతకము చేయకమునుపే, ఆ రెండవవారినే అడుగుట న్యాయము. వారి జవాబు వినుటకు ఒక సంవత్సరము ఆలస్యమైనను నష్టము లేదు.

డొరొతీ పండ్రెండేండ్లు ఆ స్థితిలోనే బ్రదికెను. ఆమె కేకలు ప్రక్కగదిలోనుండి వినబడుచుండగా కేరీ తర్జుమా చేయుచుండెనని ఆయన సహచరులు వ్రాసిరి. 1807 డిసెంబరు 8న ఆమె మరణించెను. శ్రీరాంపూరులోని మిషను శ్మశానమున ఆమెను సమాధి చేసిరి.