పొరుగువారికొక సాలు

పల్నాడు అనగానే మనకు కోడిపందెమును, కారెంపూడి రణరంగమును జ్ఞప్తికి వచ్చును. ఆ వీరగాథలో కత్తులకంటె గొప్పదియైన విషయమొకటి కలదు. అది చాపకూడు. 12వ శతాబ్దమున బ్రహ్మనాయుడు కులభేదములను పాటింపక, అందఱిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి అన్నము పెట్టించెనని పల్నాటి ప్రజలు చెప్పుకొందురు. నేటికిని కార్తిక అమావాస్యకు కారెంపూడిలో మొదలగు వీరారాధనోత్సవములలో మందపోరునాడు చాపకూడు జరుగుచున్నది.

అన్నము విలువను ఈ ప్రాంతమువారికి వేఱొకరు చెప్పనక్కఱలేదు. పూర్వము ఇది వానలపై ఆధారపడిన మెట్టసీమ. జొన్నయే ముఖ్యాహారము. 1832-33లో గుంటూరు మండలమున వచ్చిన నందన కఱవునందు, ఐదు లక్షల జనములో సుమారు రెండు లక్షలమంది మరణించిరని చరిత్రకారులు వ్రాసిరి. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టులో దాని కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ పాఱిన చోట్ల వరియు, మిరపయు, ప్రత్తియు పెరిగినవి. అయినను నీరందని పొలములును, దినదినము కూర కొనలేని ఇండ్లును నేటికిని కలవు.

అదే 1967లో అమెరికాలోని ఫీనిక్స్ నగరమున జాన్ వాన్ హెంగెల్ అను నాతడు ఆహారనిధి యొకటి స్థాపించెను. పేదరాలైన ఒక తల్లి ఆయనతో, డబ్బు దాచుటకు బ్యాంకు ఉన్నట్లే ఆహారమునకును ఒక బ్యాంకు ఉండవలెనని చెప్పినదట. ఆ మాటయే దానికి మూలము. కలవారు తమకు మిగిలిన ఆహారమును అందు ఉంచుదురు. లేనివారికి అది చేరును. 1995లో అలాస్కా రాష్ట్రమున జెఫ్ లోవెన్‌ఫెల్స్ అను తోటపని రచయిత, ప్రతివారును తమ పెరటిలో ఆకలిగొన్నవారికొఱకు ఒక సాలు అధికముగా నాటవలెనని పత్రికాముఖమున కోరెను. ఆ పిలుపు పెక్కు నగరములకు వ్యాపించెను.

మన పాఠశాలలకును ఇట్టి యవకాశము కలదు. ఆంధ్రప్రదేశమున 2003 నుండి బడులలో మధ్యాహ్న భోజనము వండి పెట్టుచున్నారు. ఆఱవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు చదువువారికి తలకు దినమునకు 75 గ్రాముల కూరగాయలు వండవలెనని నియమము. అట్టివారు 200 మంది యున్నచో దినమునకు 15 కిలోలు కావలయును. బడి ఆవరణములోనే కూరతోటలు పెంచుటకు కేంద్రప్రభుత్వము 2019లో మార్గదర్శక సూత్రములను వెలువరించినది.

నేను గురజాల ప్రాంతమున ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనుగా ఉన్నప్పటి విషయము చెప్పెదను. పిల్లలు పళ్లెములు కడుగు కుళాయి నీరు వృథాగా పాఱి బురద యగుచుండెను. మేము ప్రహరీగోడ వెంట చిన్న కాలువ త్రవ్వి, ఆ నీటితో బెండ, వంగ, గోంగూర, బచ్చలి పెంచితిమి. మూలకొక మునగకొమ్మ నాటితిమి. తరగతికొక సాలు. మిగిలిన ఒక సాలు ఇంటియొద్ద కూరకు ఇబ్బంది పడు పిల్లలదని ప్రకటించితిని. "కావలసినవారు సాయంకాలము నా గదికి వచ్చి అడిగి తీసికొనవచ్చును" అంటిని. మంచిపని చేసితినని నాకు గర్వము కూడ కలిగెను.

వారము గడచెను. ఒక్కరును రాలేదు. బెండకాయలు చెట్టుననే ముదిరిపోయినవి. కాని ఎనిమిదవ తరగతివారి సాలులో వంకాయలు మాత్రము మాయమగుచుండెను. పిల్లలు కాపు గాచి ఒక బాలుని పట్టి తెచ్చిరి. వాడు ఆ తరగతివాడే.

"నాయనా! అడిగినచో నేనే యిచ్చియుందును గదా! దొంగతనమేల?" అని అడిగితిని.

వాడు తలవంచుకొని, "అమ్మా నాన్నా తాపీపనికి హైదరాబాదు వెళ్లినారు, మాస్టారూ! ఇంట్లో నాయనమ్మ ఒక్కతే ఉన్నది. మీ గదికి వస్తే నేనెందుకు వచ్చానో అందఱికీ తెలిసిపోతుంది" అనెను.

నాకు బదులు తోచలేదు. దొంగతనము తప్పే. అది వానికి చెప్పితిని. కాని చేయి చాచినగాని అందని దానమును ఏర్పఱచినది నేను. ఆ తప్పు నాది.

మఱునాడు బడి వాకిటనున్న వేపచెట్టు క్రింద ఒక గంప పెట్టించితిని. ఎవరైనను అందు వేయవచ్చును, ఎవరైనను తీసికొనవచ్చును. పేరు వ్రాయు పుస్తకము లేదు. సాయంకాలము గంట కొట్టగానే పిల్లలందఱును చూచుచుండగా మొట్టమొదట నేనే నాలుగు వంకాయలు తీసికొని సంచిలో వేసికొంటిని. నా వెనుక తెలుగు పండితులు గోంగూరకట్ట తీసికొనిరి. పిదప పిల్లలు ఒక్కరొక్కరుగా వచ్చిరి. కొలదిదినములలో కొందఱు తమ పెరటి సొరకాయలను, దొండకాయలను తెచ్చి వేయసాగిరి. సాయంకాలమునకు గంప ఖాళీ యగుచుండెను. ఆ బాలుడు తనంత తానే ఆ సాలుకు నీరు పెట్టు పనిని పైన వేసికొని, పరీక్షలవఱకు విడువలేదు.

ఆనాడు నాకు చాపకూడు అర్థమైనది. పెట్టువాడు ఎత్తునను, తినువాడు పల్లమునను ఉన్నచో అది చాపకూడు కాదు. ఇరువురును ఒకే చాపపై కూర్చుండవలెను.

మీరును ఇట్టి తోట పెంచదలచినచో కొన్ని సంగతులు గుర్తుంచుకొనుడు. విత్తనములన్నియు ఒకేసారి చల్లినచో పంట ఒకేసారి వచ్చి వృథా యగును. పదిదినముల కొకసారి కొంచెము కొంచెముగా విత్తవలెను. పాలకూర నెలదినములకు కోతకు వచ్చును. బెండ నెలన్నర మొదలు కాయును. రెండు దినముల కొకసారి కోయనిచో ముదురును. ఆకుకూరను కోసిన దినముననే ఇచ్చివేయవలెను. పురుగుమందు చల్లిన వెంటనే కోసిన కాయను ఎవరికిని ఈయరాదు. అన్నిటికంటె ముఖ్యము: మీరు తిననొల్లని పుచ్చుకాయను ఇతరులకు ఈయకుడు.

పెరడు లేనివారు పగిలిన కుండలో గోంగూర వేయవచ్చును. అందులో నాలుగు రెమ్మలు పొరుగువారివి. ఇచ్చునప్పుడు తల ఎత్తకుడు. పుచ్చుకొనువాని తల వంపకుడు.

ప్రశ్నలు

1. మొదటి వారము ప్రధానోపాధ్యాయుని గదికి ఎవరును రాకపోవుటకు కారణమేమి?
2. ఆయన మొట్టమొదట తానే వంకాయలు ఏల తీసికొనెను?
3. మీ బడిలో ఆఱు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు దినమునకు ఎన్ని కిలోల కూరగాయలు కావలెనో లెక్కింపుడు.