యాసిడ్ డబ్బా మూత తీసే ముందు

మిర్యాలగూడ

అల్లుడా,

జడ్చర్లలో బాయిలర్లు, లాడ్జీల హీటర్లు కడిగే పని సొంతంగా పట్టావని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ఏ యాసిడ్ ఎంత పొయ్యాలో మామను అడగమన్నావట. చెబుతా. అంతకంటే ముందు లోపల పట్టిందేమిటో నువ్వు తెలుసుకోవాలి.

మన పాలమూరు, నల్గొండలది రాతి నేల. ఆ రాళ్ల సందుల్లోంచి వచ్చే బోరు నీళ్లు కాల్షియం, మెగ్నీషియం, సిలికా మోసుకొస్తాయి. నీళ్లు చల్లగా ఉన్నంతసేపు అవి కంటికి కనబడవు. కాగడం మొదలైతే వాటిలోని బైకార్బనేటు విడిపోయి, గ్యాసు పైకి పోయి, సున్నం ట్యూబుకు అంటుకుంటుంది. మంట ఎక్కువ తగిలే చోటనే పొర మందంగా పడుతుంది. ఇక అక్కడ నీళ్లు ఇనుమును చల్లార్చలేవు. ట్యూబు ఎర్రగా కాలి, ఉబ్బి, పగులుతుంది. రైస్ మిల్లు ఓనర్లు ఎక్కువగా బాయిలర్‌లో కాలే ఊక ఖర్చే లెక్కేస్తారు. అదీ తక్కువేం కాదు: ఒక్క మిల్లీమీటరు పొరకు ఇంధనం 5 నుంచి 8 శాతం ఎక్కువ కాలుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పుస్తకంలో ఉంది. మా దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లుల్లో వడ్లు ఉడికేది ఆవిరి మీదనే కాబట్టి, అమ్ముకోవాల్సిన ఊక ఉత్తగా పొయ్యిలో పోతుంది. నాకు మాత్రం ఊక కంటే పొయ్యి ముందు నిలబడే మనిషి గురించే రంధి.

అందుకని మ్యాన్‌హోల్ తీయగానే ఒక పెచ్చు గీకి తెల్ల సాసర్లో పెట్టు. పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక చుక్క వెయ్యి. బుసబుస పొంగి కరిగిపోతే కార్బనేటు, నీ పని సులువు. ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటే సల్ఫేటు గానీ సిలికా గానీ. కాస్త పొంగి, గాజుపెంకులాంటి ముక్క మిగిలితే కలిసి పట్టినట్టు. సల్ఫేటును ముందు సోడా యాష్ నీళ్లలో గంటల తరబడి కాచి కార్బనేటుగా మార్చి, ఆ తర్వాత యాసిడ్ పెట్టాలి. సిలికా అయితే ఎంత ఇస్తామన్నా ఒప్పుకోకు. దానికి వాడే ఫ్లోరైడ్ మందు ఒంటి మీద పడితే ఎముక దాకా దిగుతుంది. ల్యాబూ, రక్షణ సామానూ ఉన్న కంపెనీకే ఆ పని వదిలెయ్యి.

ఇనుప బాయిలర్‌కు 5 శాతం హైడ్రోక్లోరిక్ చాలు, అందులో ఇన్‌హిబిటర్ తప్పనిసరి. అది లేకపోతే యాసిడ్ ఆ పొరతో పాటు ట్యూబును కూడా తినేస్తుంది. వేడి 60 డిగ్రీలు దాటనివ్వకు. ఫ్యూజిబుల్ ప్లగ్, గేజ్ గ్లాసు, ఇత్తడి వాల్వులు ముందే విప్పి, ఆ చోట్లు మూసెయ్యి. యాసిడ్‌నే నీళ్లలో పొయ్యాలి, నీళ్లను యాసిడ్‌లో పొయ్యొద్దు. పంపుతో కింది నుంచి పైకి తిప్పు, పై వెంట్ తెరిచే ఉండాలి. హైడ్రోజన్ వస్తుంది, బీడీ తాగేవాళ్లను దగ్గరికి రానివ్వకు. మధ్యమధ్యలో యాసిడ్ బలం చూస్తుండు. వరుసగా రెండు మూడుసార్లు అదే లెక్క వస్తే కరగాల్సింది కరిగినట్టే, ఆపెయ్యి. ఓనరు ఇంకో గంట ఉంచమన్నా వినకు. వాడిన యాసిడ్‌లో సోడా యాష్ కలిపి విరిచెయ్యనిదే మోరీలోకో కుంటలోకో వదలకు. మన ఊళ్ల గొడ్లు తాగేది ఆ కుంటలోనే.

లాడ్జీల స్టెయిన్‌లెస్ ట్యాంకుల్లో హైడ్రోక్లోరిక్ అసలే వద్దు, గుంటలు పడతాయి. సల్ఫమిక్ యాసిడ్ గానీ నిమ్మ ఉప్పు గానీ వాడు. అక్కడ బ్లీచింగ్ పౌడర్ పక్కనే ఉంటుంది, అది యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ లేస్తుంది. గది తలుపులు తీసి, ఆ డబ్బాను బయట పెట్టాకే పని మొదలుపెట్టు.

కడిగిన మర్నాడు మళ్లీ ఆ బోరు నీళ్లే పెడితే నీ కష్టం వృథా. నీళ్లలో సున్నం తీసే సాఫ్ట్‌నర్ ఉందా, అందులో ఉప్పు వేళకు పడుతుందా అని అడుగు. అడిగి ఊరుకోకుండా టెస్ట్ కిట్‌తో నువ్వే చూడు. చుక్కలు వేసిన నీళ్లు నీలంగా ఉంటే మెత్తనివి, ఎర్రగా తిరిగితే సాఫ్ట్‌నర్‌లోని రెసిన్ పని చెయ్యట్లేదు. ఒక్క మాట గట్టిగా చెప్పు: సాఫ్ట్‌నర్ నీళ్లు తాగడానికి కాదు. దాంతో మన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పోదు, కాచితే ఇంకా చిక్కనవుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్ నీరి సంస్థ నల్గొండ పేరే పెట్టింది. మన నీళ్ల బాధ అంతటిది. సాఫ్ట్‌నర్ నల్లా దగ్గర బాటిల్ నింపుకునే కూలీలు కనబడితే చూస్తూ ఊరుకోకు.

ఉబ్బిన ట్యూబు కనబడితే వెల్డింగ్ పెట్టించి కప్పిపుచ్చనివ్వకు, బాయిలర్ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పాల్సిందే. 1923 బాయిలర్ల చట్టం పోయి 2025లో కొత్తది వచ్చినంత మాత్రాన ఆ నియమం పోలేదు.

మొదటి బాయిలర్ తెరిచిన రోజే పెచ్చు ఒకటి కాగితంలో చుట్టి, ఆ బోరు నీళ్లు లీటరు బాటిల్‌లో పట్టి, బస్సులో వచ్చేవాళ్లతో పంపు. పరీక్ష చేసి ఫోన్ చేస్తా. అప్పటిదాకా ఓనరు దగ్గర అడ్వాన్సు తీసుకోకు.

నీ మామ